తడికలో ఈకలు

ఏటిగట్టున నల్లరాతి దిబ్బ ఒకటి ఉంది. వారానికోసారి పొద్దెక్కాక అక్కడ వేలం జరిగేది. వేలం పెట్టేవాడు నక్క గవర్రాజు. ఒకప్పుడు పక్షుల్ని తిని బతికేవాడు. తింటే ఒక్క పూటతో సరి, వాటిచేత అమ్మించి వాటిచేతే కొనిపిస్తే ఏడాది పొడుగునా కడుపు నిండుతుందని తెలిసిన రోజున తినడం మానేశాడు. గవర్రాజు ఎంత మారిపోయాడో అని అడవంతా మెచ్చుకుంది.

దిబ్బ మీద వరసగా ఏడు తాటాకు తడికలు నిలబెట్టి ఉండేవి. ఒక్కో తడిక వెనక ఒక్కో సరుకు చేసేవాడు కూర్చోవాలి. సరుకు మాత్రం తడిక ముందు కొక్కేనికి వేలాడాలి. కొనేవాళ్ళకి సరుకు కనబడుతుంది, చేసినవాడు కనబడడు. చేసినవాడికి కొనేవాళ్ళ మాటలు వినబడతాయి, మొహాలు కనబడవు. ఇద్దరికీ కనబడేది గవర్రాజు ఒక్కడే. ఎండు సొరకాయ బుర్ర చంకలో పెట్టుకుని, ఒకటోసారి, రెండోసారి అంటూ దాని మీద కొట్టి, మూడోసారికి సరుకు కొక్కెం మీంచి దింపేవాడు. వచ్చిన జొన్నల్లో సగం అతనివి. నక్క జొన్నలేం చేసుకుంటాడనుకోకండి, బాతులకి పోసి పీతలు పట్టించుకునేవాడు.

అక్కడ ఇంకో ఆనవాయితీ ఉండేది. కొన్న సరుకు నచ్చితే మళ్ళీ వచ్చినప్పుడు ఆ తడికలో తమ ఈక ఒకటి గుచ్చి పోవాలి. ఉడుతలయితే తోక వెంట్రుకలు నాలుగు ముడేసి కట్టేవి. కొత్తగా వచ్చినవాళ్ళు సరుకు కంటే ముందు ఈకలు చూసేవాళ్ళు. ఈకలు తక్కువున్న తడిక ముందు ఎంత మంచి సరుకు వేలాడినా ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు.

ఏడింటిలోకీ ఎక్కువ ఈకలున్నది నాలుగో తడికకి. దాని వెనక తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నవాడు గిజిగాడు నూకరాజు. రెల్లు చీలికలతో గూళ్ళు అల్లేవాడు. మైనాలకి లోతుగా, గువ్వలకి మూతి వెడల్పుగా, ఎవరికి తగ్గట్టు వాళ్ళకి. వానొస్తే అతని గూట్లో చుక్క దిగేది కాదు. అడవిలో అందరూ వాటిని నాలుగో తడిక గూళ్ళనేవారు. నూకరాజు గూళ్ళని ఎవరూ అనేవారు కాదు, ఎందుకంటే నూకరాజనేవాడు ఒకడున్నాడని ఎవరికీ తెలీదు. తన తడిక మీద అన్ని ఈకలున్నాయని అతను వినడమే గాని చూసింది లేదు. వెనక నుంచి అతనికి కనబడేది తాటాకులోంచి పొడుచుకొచ్చిన ఈకల మొదళ్ళు మాత్రమే.

ఒక వేసవిలో గంగాలు అనే ముసలి గువ్వ దిబ్బకొచ్చింది. గువ్వలకి గూడు కట్టడం రాదని మీకు తెలిసిందే. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి, దాన్నే ఇల్లనుకుని గుడ్లు పెడతాయి. గంగాలు అలా ఏటా గుడ్లు పోగొట్టుకున్నదే. నిరుడు మొదటిసారి నాలుగో తడిక గూడు కొనుక్కుంది.

"గవర్రాజు బాబూ, నిరుటి గాలివానకి మా కొమ్మ ఊగిపోయింది గాని గూడు కదల్లేదు. నా పిల్లలిద్దరూ బతికారు. ఇన్నేళ్ళలో నా పిల్లలు ఎగరడం చూడ్డం ఇదే మొదలు. ఈ గూడు అల్లిన మహానుభావుడెవరో గాని, గంగాలు దణ్ణం పెట్టిందని చెప్పు" అంది. తన బూడిదరంగు ఈక ఒకటి తడికలో, ఎడమపక్క పైవరసలో గుచ్చింది.

తడిక వెనక నూకరాజుకి ఆ ఈక మొదలు వచ్చి ముక్కుకి తగిలింది.

"తప్పకుండా చెప్తానమ్మా" అన్నాడు గవర్రాజు.

వేలం అయిపోయింది. గవర్రాజు వెనక్కొచ్చి జొన్నలు పంచాడు. ఆ మాట తప్ప అన్నీ మాట్లాడాడు. నూకరాజే అడిగాడు.

"మావయ్యా, ఇవాళ గువ్వ ఒకావిడ ఏదో అంది కదా."

"ఏ గువ్వ?"

"పిల్లలు బతికారంది."

"అంటూనే ఉంటార్లే అల్లుడూ. అవన్నీ మనసులో పెట్టుకుంటే పని సాగదు."

"నా పేరు చెప్పొచ్చు కదా మావయ్యా. ఒక్కసారి. ఇది నూకరాజు అల్లాడు అని."

గవర్రాజు సొరకాయ బుర్ర పక్కన పెట్టి అతని వీపు మీద ప్రేమగా చెయ్యేశాడు. "నీ మేలు కోరి చెప్తున్నా విను. నిన్ను చూశారనుకో, పిడికెడు పిట్ట, వీడికింత ఇవ్వాలా అంటారు. చూడలేదు కాబట్టి నువ్వు గరుత్మంతుడంత ఉంటావనుకుంటున్నారు. ఆ తడికే నీకు అందం."

నూకరాజు ఆ మాట ఇంటికెళ్ళి పెళ్ళాం పైడమ్మకి చెప్పాడు. పైడమ్మకి కడుపు మండింది.

"గూడు నువ్వల్లితే అందం తడికదా? మనకి చెట్టు లేదా, కొమ్మ లేదా? ఏటి మలుపులో తుమ్మచెట్టు మనదే కదయ్యా. అక్కడే వేలాడదియ్యి. వచ్చినవాళ్ళు నీ మొహం చూసే కొంటారు, నీ పేరు చెప్పుకునే కొంటారు."

నూకరాజుకి మూడు రోజులు ఇదే ఆలోచన. జొన్నల్లో సగం పోతున్నాయన్న బాధ లేకపోలేదు. కానీ ఆ గువ్వ పెట్టిన దణ్ణం దారిలో ఎక్కడో పడిపోయింది కదా, అదీ అతని బాధ. నాలుగో రోజున దిబ్బకెళ్ళి చెప్పేశాడు.

"మావయ్యా, నేను సొంత కొట్టు పెట్టుకుంటాను."

గవర్రాజు కోప్పడతాడనుకున్నాడు. కోప్పడలేదు. "శుభం. ఎన్నాళ్ళని ఒకరి కింద ఉంటావు. పెట్టుకో" అన్నాడు.

"అయితే నా ఈకలు తీసుకుపోతాను."

"ఏ ఈకలు?"

"నా తడిక మీదవి. నా గూళ్ళు నచ్చి గుచ్చినవి."

గవర్రాజు నవ్వాడు. "అల్లుడూ, ఈకలు దేనికి గుచ్చారు? తడికకి. తడికెవరిది? నాది. నీకే ఇవ్వాలనుకుంటే నీ ఇంటికొచ్చి ఇచ్చేవాళ్ళు కదా."

"నా ఇల్లెక్కడో నువ్వు చెప్పందే ఎలా వస్తారు?"

"అదీ నిజమే. కానీ ఏం చేస్తాం, పద్ధతి పద్ధతే." గవర్రాజు దిబ్బ అంచు దాకా వచ్చి సాగనంపాడు. వెళ్ళబోతున్నవాడిని ఆపి, చెవిలో చెప్పినట్టు అన్నాడు. "ఒక్కటి గుర్తుంచుకో. ఈక లేని కొట్టు మొహం ఎవడూ చూడడు. ముందు నాలుగు ఈకలు ఎలాగోలా సంపాదించు. ఎలా సంపాదించావని ఎవడూ అడగడు." తొమ్మిదేళ్ళలో ఆ నక్క నూకరాజుకి ఉచితంగా ఇచ్చింది ఆ సలహా ఒక్కటే.

నూకరాజు తుమ్మచెట్టు కొమ్మలన్నీ శుభ్రం చేసి పదకొండు గూళ్ళు వేలాడదీశాడు. ఇంతకు ముందెప్పుడూ అంత మనసు పెట్టి అల్లలేదు. రెల్లు చీలికలు నీళ్ళలో నానేసి, ఒక్కో ముడీ రెండుసార్లు బిగించాడు. వచ్చేవాళ్ళు కూర్చోడానికని అడుగుకొమ్మ మీద ముళ్ళన్నీ పైడమ్మ ముక్కుతో విరిచి పారేసింది. ఇద్దరూ కొట్టు ముందు కూర్చున్నారు.

వారం గడిచింది. ఎవరూ రాలేదు. రెండో వారం వీరేశం అనే మైనా అటుగా పోతూ వాలాడు. గూళ్ళ చుట్టూ తిరిగి, లోపలికి తల పెట్టి చూశాడు.

"పనితనం బానే ఉంది. ఈకలేవయ్యా?"

"కొత్త కొట్టు బాబూ. కానీ పని పాతదే. నాలుగో తడిక గూళ్ళు తెలుసు కదా, అవి నేనల్లినవే."

"అలాగా. మరి నాలుగో తడికలో మొన్న కూడా మూడు గూళ్ళు దిగాయే. అవెవరల్లారు?"

మైనా జాలిగా చూసి లేచిపోయాడు.

ఆ వారం వేలానికి నూకరాజు వెళ్ళాడు. వెనక్కి కాదు, కొనేవాళ్ళతో కలిసి ముందు వాలాడు. తన తడికని ముందు నుంచి చూడ్డం అతనికి అదే మొదలు. ఆకు కనబడకుండా ఈకలే ఉన్నాయి. నల్లవి, తెల్లవి, మైనాల గోధుమరంగువి, ఉడుతల వెంట్రుకల ముళ్ళు, ఎడమపక్క పైవరసలో గంగాలు బూడిదరంగు ఈక. ఇవన్నీ నావేనా అనుకున్నాడు. చూస్తూ అలాగే ఉండిపోయాడు పాపం.

కొక్కేనికి ఒక గూడు వేలాడుతోంది. పైకి తన గూడులాగే ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే అల్లిక లేదు. వరిగడ్డి ముక్కలు బురదతో అంటించి, పైన రెండు రెల్లు చీలికలు చుట్టారు. తడిక అంచునుంచి ఒక తోక బయటికి కనబడుతోంది. పందికొక్కు బుచ్చెయ్య తోక అది.

నూకరాజు ఆగలేకపోయాడు. "అయ్యా, ఇది నా తడిక. తొమ్మిదేళ్ళు దీని వెనక కూర్చున్నవాణ్ణి నేను. నాలుగో తడిక నాది" అని అందరికీ వినబడేలా అన్నాడు.

వేలం ఆగింది. గవర్రాజు తీరిగ్గా అతని వైపు తిరిగాడు.

"ఎవరు బాబూ నువ్వు?"

"మావయ్యా, నేను నూకరాజుని."

"తడిక వెనక ఎవరుంటారో బయటికి చెప్పకపోవడం ఇక్కడి పద్ధతి. అడిగినా చెప్పను. అయినా ఇది నీ తడికేనంటావా?"

"నాదే."

"అందరూ విన్నారు కదా, ఇది తన తడికేనట" అని గవర్రాజు పళ్ళికిలించాడు. కొనేవాళ్ళు నవ్వారు. బుర్ర మీద మూడో దెబ్బ పడింది, బురద గూడు దిగిపోయింది. నవ్వులపాలయ్యానని నూకరాజు అనుకున్నాడు గాని, నక్క తన చేత ఏం ఒప్పించాడో అప్పుడు తెలుసుకోలేదు.

ఇంటికొచ్చినవాడు తిండి మానేశాడు. మర్నాడు పొద్దున్నే ఏటి ఒడ్డున కూర్చుని, తన రొమ్ము మీది పసుపు ఈక ఒకటి ముక్కుతో పట్టి లాగాడు.

"ఏంటయ్యా చేస్తున్నావు?" అంది పైడమ్మ.

"నాలుగు ఈకలు చూపిస్తేనే గాని ఎవరూ వాలరు."

"అవి నీవి కదా."

"మెచ్చుకుని గుచ్చినవి ఎలాగూ నావే. అవి అక్కడున్నాయి కాబట్టి వాటి బదులు ఇవి."

"వద్దు మావా. ఇంకో నెలాగుదాం. ఎవరో ఒకరు వస్తారు."

"వానలు పడితే కొనేవాళ్ళెవరు?" అంటూ ఇంకో ఈక లాగాడు. మొత్తం పద్నాలుగు లాగాడు. పైడమ్మ అటు తిరిగి కూర్చుంది. అతను చిన్న తడిక ఒకటి అల్లి, వాటిని వరసగా గుచ్చి, కొట్టు ముందు నిలబెట్టాడు.

అతని ఖర్మేమిటో గాని, సరిగ్గా ఆ మర్నాడే గంగాలు వచ్చింది. గుడ్లు పెట్టే రోజులు దగ్గర పడ్డాయి, పాత గూడు చివికింది. తుమ్మచెట్టు మీద గూళ్ళున్నాయని మైనా వీరేశం చెబితే చూసిపోదామని వచ్చింది. మైనాకి గూళ్ళు నచ్చాయన్నమాట. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు ఆగి ఉంటే నూకరాజు కథ వేరేగా ఉండేది.

గంగాలు గూళ్ళు చూసింది. మూతి వెడల్పు చూసి సంబరపడింది. తరవాత తడిక వైపు చూసింది.

"అన్నీ పసుపు ఈకలేనా నాయనా?"

"అవునమ్మా."

"పసుపు పిట్టలే కొన్నాయా నీ దగ్గర?"

గంగాలు అతని రొమ్ము వంక చూసింది. అక్కడ ఎర్రటి చర్మం తప్ప ఏమీ లేదు.

"నీ మెప్పు నువ్వే గుచ్చుకున్నావా?" అంది మెల్లిగా. తిట్టినా బాగుండేది.

అప్పుడు చెప్పాడు నూకరాజు. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నాలుగో తడిక వెనక ఉన్నది తనేనని, ఎడమపక్క పైవరసలో ఆమె ఈక ఉందని, గాలివానకి కొమ్మ ఊగినా గూడు కదల్లేదని ఆమె అన్న మాటలు తను విన్నానని, ఆమె దణ్ణం తనకే చెందాలని.

గంగాలు ఒక గూడు అంచు ముక్కుతో తట్టి, వెనక్కి జరిగింది.

"ఈ మాట ఈ ఈకలు చూడకముందు చెప్పి ఉంటే నమ్మేదాన్నేమో నాయనా. ఇప్పుడు ఏది నీదో, ఏది నువ్వు గుచ్చుకున్నదో నాకెలా తెలుస్తుంది? నేను నక్కతో అన్న మాటలు దిబ్బ మీద వందమంది విన్నారు. ముసలిదాన్ని. ఈసారి గుడ్లు పోతే ఈ ఏడు మళ్ళీ పెట్టే ఓపిక లేదు. నా ఈక ఎక్కడుందో అక్కడే కొనుక్కుంటాను."

అని నల్లరాతి దిబ్బ వైపు ఎగిరిపోయింది. అక్కడ పసుపు ఈకల సంగతి గవర్రాజుకి చెప్పింది. తన ఈకని తనే చూసుకుని, ధైర్యం తెచ్చుకుని, నాలుగో తడిక ముందు బుచ్చెయ్య అంటించిన బురద గూడు కొనుక్కుంది.

పైడమ్మ ఆ పసుపు ఈకలు పీకి ఏట్లో పారేసింది. నూకరాజు అడ్డు చెప్పలేదు.

తొలకరి మూడు రోజులు ఆగకుండా కురిసింది. మొదటి రోజు మధ్యాహ్నానికే నాలుగో తడిక గూళ్ళు కరగడం మొదలెట్టాయి. బురద కారిపోయింది, గడ్డి విడిపోయింది, లోపల ఉన్నవి ఉన్నట్టు కిందపడ్డాయి. నాలుగో రోజు వాన తెరిపిచ్చాక గూళ్ళు పోయినవాళ్ళంతా దిబ్బ మీదికి వచ్చిపడ్డారు. గవర్రాజు అప్పటికే బుచ్చెయ్యని ఏరు దాటించేశాడు. నాలుగో తడిక పక్కకి జరిపి, వెనక ఖాళీ చోటు అందరికీ చూపించాడు.

"పద్ధతి తప్పుతున్నందుకు నన్ను క్షమించాలి. ఇంత జరిగాక దాచడం పాపం. ఈ తడిక వెనక కూర్చున్నవాడి పేరు నూకరాజు. గిజిగాడు. ఏటి మలుపులో తుమ్మచెట్టు మీద ఉంటాడు. ఇది నా తడికేనని మీ అందరి ముందూ తనే చెప్పుకున్నాడు, మీరూ విన్నారు. సొంత కొట్టు పెట్టుకుంటూ చివరి గూళ్ళు ఇలా నా నెత్తిన అంటగట్టి పోయాడు. సొంత ఈకలు పీకి గుచ్చుకునేవాడని మీలో చూసినవాళ్ళే ఉన్నారు."

తొమ్మిదేళ్ళు బతిమాలినా చెప్పని పేరు అలా చెప్పాడు. ఊరూ పేరూ గుర్తులతో సహా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

తుమ్మచెట్టు మీద నూకరాజు వాన తడి దులుపుకుంటున్నాడు. పదకొండు గూళ్ళూ చెక్కుచెదరలేదు. లోపల తల పెట్టి చూసుకున్నాడు, పొడిగా ఉన్నాయి. అంతలో ఏటి మీదుగా గుంపు వస్తూ కనబడింది. మైనాలు, గువ్వలు, గట్టు వెంట ఉడుతలు.

"నూకరాజు కొట్టు ఇదేనా?" అని ముందున్న మైనా కేకేశాడు.

"పైడమ్మా, నా పేరు పెట్టి అడుగుతున్నారే" అన్నాడు నూకరాజు. గూళ్ళ మూతులు సర్దాడు. అడుగుకొమ్మ మీద నీళ్ళు రెక్కతో తుడిచాడు. "ఇదేనమ్మా, రండి. నేనే నూకరాజుని" అని ఎదురెళ్ళాడు.

వాళ్ళు వచ్చారు. ఎవరూ కూర్చోలేదు. పదకొండు గూళ్ళూ ముక్కులతో, గోళ్ళతో చీల్చి ఏట్లోకి తోసేశారు. "ఒక్కసారి లోపల చూడండయ్యా, పొడిగా ఉన్నాయి. నా గూడు కరగదు" అని అతను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పాడు. ఎవరూ చూడలేదు. గుంపుతో వచ్చిన మైనా వీరేశం మాత్రం ఒక గూట్లోకి తల పెట్టాడు. పొడిగా ఉందని అతనికి తెలిసింది. చుట్టూ చూశాడు, నోరు మూసుకుని ఆ గూడు కూడా తోసేశాడు.

గంగాలు ఏదీ ముట్టుకోలేదు. చివరిదాకా ఒక పక్కన కూర్చుంది. అందరూ వెళ్ళాక నూకరాజు దగ్గరికి వచ్చి, "రెండు గుడ్లు నాయనా" అంది. ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది.

నూకరాజు, పైడమ్మ ఆ ఏరు వదిలి పైకెక్కడికో వలసపోయారు. అతను మళ్ళీ అల్లాడో లేదో తెలియదు.

నల్లరాతి దిబ్బ మీద వేలం ఒక్క వారం ఆగి మళ్ళీ మొదలైంది. గవర్రాజు నాలుగో తడికని ఏట్లో కడిగి, ఎండబెట్టి, ఈకలు ఊడిపోకుండా యథాస్థానంలో నిలబెట్టాడు. వెనక కొత్తవాడెవడో కూర్చున్నాడు. మరుసటి వేసవికి గంగాలు కూడా వచ్చింది. గువ్వకి గూడు కట్టడం రాదు, ఎక్కడో ఒకచోట కొనుక్కోక తప్పదు. ఎడమపక్క పైవరసలో తన బూడిదరంగు ఈక అలాగే ఉంది. దాని ముందే నిలబడి వేలం పాడింది.

నీతి: నీ పనికి వచ్చిన మెప్పు పరాయివాడి తడిక మీద పోగుచేస్తే, నీ పేరు ఎప్పుడు, ఎందుకు చెప్పాలో వాడే నిర్ణయిస్తాడు.